అమ్మవారి కాపలాలో ఆరు తుపాకులు

మా ఆయన పైడిరాజు ఆ దసరాకి పెట్టుకున్న మీసం మూడు రోజులు ఊడనేదు. రబ్బరు పాలతో అంటించినారు మరి. కొబ్బరి నూనె రాసినాను, వేన్నీల్లు కొట్టినాను, ఆకరికి తిట్టినాను కూడా. ఏటికీ లొంగనేదు. ఆ మీసంతోటే ఆయన ఇనస్పెట్టరు ముందర నిలబడ్డాడు. ఆ సంగతి సెప్పాలంటే కొంచెం ఎనక్కి పోవాల.

మాది మలాయి దేసంలో బటాంగ్ బెర్జుంటై కాడ కెలాడి రబ్బరు తోట. నేను రబ్బరు గీసే మనిసిని. ఆయనా గీసేవోడే. ఎమర్జెన్సీ వొచ్చి, అడివిలోంచి కమ్యూనిస్టులు తోటల మీద పడతన్నారని సర్కారు తోటకో కాపలా దలం పెట్టినప్పుడు, దొర మావోడి ఎత్తు సూసి "నువ్వు రా" అన్నాడు. ఎల్లిపోనాడు. ఎవులు గట్టిగా పిలిసినా ఎల్లిపోయే మనిసి మా ఆయన. కాకీ నిక్కరు, టోపీ, ఒక తుపాకీ ఇచ్చి స్పెషల్ పోలీసు అన్నారు. ఆ నాటి నుంచి నా మొగుడు నాతో కన్నా ఆ తుపాకీతోటే ఎక్కువ రాత్రులు గడిపినాడు. దానికి రోజూ నూనె రాసి, మెత్తటి గుడ్డతో తుడిసి, గోడకి ఆనించి, ఒకసారి దూరం నుంచి సూసుకునేవోడు. నా తలకి నూనె నేనే రాసుకునేదాన్ని.

మెర్డెకా, అదే స్వతంత్రం, వొచ్చి నెల తిరిగినాది. జెండా మారినాది, అడివి సద్దుమనిగినాది, మా కాడ కర్ఫ్యూ ఎత్తీసినారు. అంతా బాగానే ఉన్నాది గాని, ఇంక కాపలా దలాలు అక్కర్నేదు, మూసేత్తారని మాట పుట్టినాది. మా తోటలో ఉన్న ఆరుగురిలో ఒక్కడిని మాత్రం పెద్ద పోలీసులోకి తీసుకుంటారంట. కువాలా సెలాంగోర్లో కోటర్సు ఇస్తారంట, సిమెంటు గోడలు, ఇంట్లోనే కొలాయి. ఆ ఒక్కడెవుడో కొత్త ఇనస్పెట్టరు వొచ్చి, దలాన్ని సూసి ఏరుకుంటాడంట.

నాకు ఆ కొలాయి మీద మనసు పడిపోనాది. దాపరికం ఎందుకు. మా లయం, అదే కూలోల్ల ఇల్ల వొరస, అంతటికీ ఒకటే పంపు. పొద్దున్నే బిందెల కాడ ఆడోల్లు ఆడే మాటలు ఇంటే పోలీసోడు కూడా సెవులు మూసుకుంటాడు, నేను ఆడే మాటలు కూడా అందులోవే అనుకోండి. ఉద్యోగం రాకపోతే ఈయన మల్లా గీత కత్తి పట్టాల. ఇన్నేల్లు తుపాకీ మోసిన సెయ్యి, గీత తిన్నగా ఎలా వొస్తాది? సెట్టుకి గాయమైతే మా మేస్త్రీ మండోరు ఊరుకుంటాడా? ఆ ఒక్కడు నా మొగుడే కావాలని మా తోట గుడిలో పైడితల్లికి మొక్కుకున్నాను.

ఇంక అచ్చయ్య కిరాణి సంగతి. తోట ఆపీసులో గుమస్తా. తెలుక్ ఆన్సన్లో పుట్టి పెరిగినాడు, తండ్రి కొట్టు యాపారం. పుస్తకాల తెలుగు మాట్లాడతాడు. మేం ఏటంటే "ఏటి కాదమ్మా, ఏమిటి" అంటాడు. మంచోడే, పాపం. ఆ ఏడు దసరాకి మైదానంలో బొబ్బిలి కోట ముట్టడి సూపించాలని బుర్రలో పెట్టుకున్నాడు.

"ఇది వేషాలేసుకుని గెంతడం కాదు. రెండు వందల ఏళ్ళ నాటి సిపాయి మన కళ్ళ ముందుకు రావాలి. అతడు ఎలా నడిచాడో అలా నడవాలి, ఎలా తిన్నాడో అలా తినాలి" అన్నాడు.

సిపాయిలుగా ఎవుల్ని పెట్టాల? డ్రిల్లు వొచ్చినోల్లు కాపలా దలం వోల్లే గదా. ఆరుగుర్నీ పట్టుకున్నాడు. మా ఆయన కోట దర్వాజా కాడ సర్దారు. ఫ్రెంచి సిపాయి ఏసానికి ఎవుడూ ఒప్పుకోనేదు. కోట మీదికి వొచ్చినోడి ఏసం మాకెందుకన్నారు. ఆకరికి ఆ ఆరుగురిలోనే ఉన్న తమిలపోడు వేలు, "నాకు బొబ్బిలీ తెలవదు, ఫ్రెంచీ తెలవదు, టోపీ బాగుంటే సాలు లా" అని, మాట సివర మలాయోల్ల "లా" ఒకటి తగిలించి ఒప్పుకున్నాడు.

తోట వడ్రంగి రబ్బరు కర్రతో తుపాకీల మడమలు సెక్కినాడు. పాత నీల్ల గొట్టాలు తుపాకీ గొట్టాలయినాయి. పీపా బద్దీలు సాగదీసి కత్తులు సేసినారు. పాల బాల్చీల మూతలు డాల్లయినాయి. పొగ ఇంటి కాడ పారేసిన చిమ్నీని ఎద్దు బండి సక్రాల మీద ఎక్కించి ఫిరంగి అన్నారు. ఫిరంగి పేలడానికి, ఎనకాల వేలు ఒక కిరసనాయిలు డబ్బా పెట్టుకుని కూకుంటాడు, ఒత్తి ముట్టించగానే డబ్బా మీద ఒక్కటి ఏస్తాడు. తలపాగాలకి మా సీరలు పట్టుకుపోనారు. నా పెల్లి సీర అడిగితే ఇయ్యనన్నాను. సర్దారు తలపాగా అది అన్నారు. సర్లే, ఎలాగూ మా ఇంటి తలకాయే గదా అని ఇచ్చినాను.

అచ్చయ్య రోజూ సాయంత్రం వొరసగా నిలబెట్టి తనికీ సేసేవోడు. వాచీ తీయించినాడు. బీడీ పారేయించినాడు. వేలు సేతి మీద తమిల సినిమా ఈరోయిను పచ్చబొట్టు ఉంటే దాని మీద బురద పూయించినాడు. ఒక దినం, ఆనాటి సిపాయి తిండి తినాలని గంజీ ఉల్లిపాయా ఎండు సేపా తెప్పించినాడు. అందరూ బుద్దిగా తినేసి, "మరి ఆనాటి తిండి ఎప్పుడు లా?" అని అడిగినారు. లయంలో రోజూ తినేది అదే గదా. అచ్చయ్య ఆపీసుకి ఎల్లిపోనాడు.

ఇంతలో ఆయుద పూజ వొచ్చినాది. మా కాడ పూజంటే, పని సేసే ప్రతీ వొస్తువూ అమ్మ ముందర పెట్టాల. గీత కత్తులు, కొడవల్లు, గునపాలు, నా కత్తిపీట, అచ్చయ్య టైపుమిసను, అన్నీ. పసుపూ కుంకుమా పెట్టి దండేసినాక, మర్నాడు హారతిచ్చి గుమ్మడికాయ కొట్టేదాకా ఎవులూ ముట్టకూడదు. ఆ దినం కూర కూడా తరగం. తెల్లదొరల పోలీసు ఉన్నన్నాల్లూ రెండు తుపాకులు పూజకి ఇచ్చి నాలుగు బయట ఉంచుకునేవోరు. అమ్మకి అరాకొరా వడ్డించినట్టు ఉండేది నాకు. ఒక ఏడు సార్జెంటు తొందరపెడితే పూజలోంచి ఒకటి మద్దిలో తీసేసినారు. ఆ వారంలోనే అది వేలు సేతిలో తానే పేలి దొర బంగలా నీల్ల టాంకుకి బొక్కెట్టినాది. ఆ టయిముకి వేలు సేతి ఏలు ఎక్కడున్నాదని మీరు అడగొచ్చు. మేం అడగనేదు.

ఈ ఏడు మాత్రం మెర్డెకా వొచ్చినాది, అడివిలో అలికిడి నేదు, మన పండగ మనం నిండుగా సేసుకుందాం అని దలం అంతా అనుకుని ఆరు తుపాకులూ తెచ్చి పెట్టేసినారు. ఒక్కోదాన్నీ ఎలా తుడిసినారో. కన్నె పిల్లల్లాగ మెరిసిపోతా అమ్మ ముందర వొరసగా పడుకున్నాయి. మా అత్త పోయినాక అమ్మ గడప కాయడం నా పని. నేను గుడి గడపకి అడ్డంగా కూకున్నాను. ప్రసాదం కలపతా ఉన్నాను, సేతిలో గరిటె.

మద్దేన్నం పూట అచ్చయ్య పరిగెట్టుకుంటా వొచ్చినాడు. ఆ మనిసి పరిగెట్టడం నేనెప్పుడూ సూడనేదు.

"కూర్మమ్మా, కొంప మునిగింది. కొత్త ఇన్‌స్పెక్టర్ పక్క తోటలో ఉన్నాడట. వచ్చే వారం రావాల్సినవాడు, ఇవాళే ఇటు వస్తానని ఫోన్ చేశాడు. భోజనం కాగానే బయల్దేరతాడు. తుపాకులు తియ్యాలి."

"తియ్యండి" అన్నాను, కాల్లు ఇంకొంచెం సాపుకుని.

"నువ్వు లేస్తే కదా తీసేది."

"నేను నెగను, బావూ. రేపు హారతయినాక తీసుకుందురు."

"తుపాకీ చేతిలో లేని పోలీసును ఏం చేస్తారో తెలుసా? ఉద్యోగం సంగతి అటుంచు, జైల్లో పెడతారు. ఇంకా ఎమర్జెన్సీ చట్టం పోలేదు."

మా ఆయన మద్దిలో నిలబడి నన్ను సూసినాడు, అచ్చయ్యని సూసినాడు. ఇద్దరం గట్టిగానే మాట్లాడతన్నాం. ఎవుల మాట ఇనాలో తెలవక టోపీ సర్దుకున్నాడు. మిగతా అయిదుగురూ గుడి మెట్ల కాడే ఆగిపోనారు. వేలు మాత్రం "ఎవులైనా తెచ్చి ఇస్తే పట్టుకుంటాను, నేను లోపలికి పోను, ఆ నీల్ల టాంకు నాకు గ్నాపకం ఉన్నాది" అన్నాడు.

మనసులో బయం నేదా అంటే ఉన్నాది. ఆ కొలాయి కల్ల ముందర కనపడతానే ఉన్నాది. కాని పూజలో పెట్టినాక అమ్మ సొత్తు. మన అవుసరం కొద్దీ ఇచ్చి మన అవుసరం కొద్దీ తీసుకోడానికి ఆవిడేటి, తాకట్టు కొట్టా?

అచ్చయ్య కాసేపు తల పట్టుకుని కూకున్నాడు. తరవాత నెగినాడు. ఆ కల్లలో ఎలుగు సూసి నాకు ఇంకా బయమేసినాది.

"అసలు తుపాకులు లేకపోతేనేం, కర్ర తుపాకులున్నాయి. ఆరుగురూ ముస్తాబవండి. మెర్డెకా సంబరానికి పాతకాలం సిపాయిల కవాతు చూపిస్తున్నామని చెబుదాం. చూస్తాడు, నవ్వుతాడు, టీ తాగి వెళ్ళిపోతాడు."

పావుగంటలో ఆరుగురూ బొబ్బిలి సిపాయిలయిపోనారు. మీసాలకి జిగురు నేదు. గీత పల్లెంలోంచి రబ్బరు పాలు తెచ్చి పూసినారు. గుడి ముందరే మైదానం, నాకు గడప మీంచే అన్నీ కనపడతన్నాయి.

జీపు వొచ్చినాది. ఇనస్పెట్టరు తువాను, అంటే దొరగారు, కుర్రోడే, సన్నగా ఉన్నాడు, మలాయి మనిసి. బూట్లలో మన మొకం సూసుకోవొచ్చు. దిగి, వొరసలో ఉన్న తలపాగాల్నీ మీసాల్నీ ఫిరంగినీ ఒక్కోటే సూసినాడు. అచ్చయ్య ఒంగి మలాయిలో పెద్ద ఉపన్యాసం ఇచ్చినాడు. ఇని, సూసి, నవ్వి ఎల్లిపోతాడనుకున్నాం గదా. ఆయన కుర్చీ తెప్పించుకున్నాడు.

మా కర్మకొద్దీ ఆయనకి పాత ఆయుదాలంటే పిచ్చి. తాత నాటి క్రిస్ కత్తి ఇంట్లో ఉన్నాదంట, తుపాకుల పుస్తకాలు తెప్పించుకుని సదువుతాడంట. మా ఆయన సేతిలో గొట్టం తీసుకుని అటూ ఇటూ తిప్పి, "వత్తి తుపాకీ. బాగుస్" అన్నాడు. బాగుందని. వడ్రంగి అక్కడ నేడు గాని, ఉంటే ఆ మాటకి సచ్చిపోయేవోడు.

"దీన్ని నింపడం చూపించు" అన్నాడు.

మా ఆయనకి బజారు మలాయి వొచ్చు. గడగడా మాట్లాడనేడు గాని బోదపడతాది. ఆయన నడుం కాడి సంచిలోంచి మందు తీసినట్టు తీసినాడు, గొట్టంలో పోసినాడు, గుండేసినాడు, కొబ్బరీనెతో కూరినాడు, వత్తి పెట్టినాడు, ఊదినాడు, ఆరిపోనట్టు మల్లా ముట్టించినాడు. అచ్చయ్య నేర్పినయ్యన్నీ ఒక్కటి వొదల్నేదు. ఎండ మాడిపోతన్నాది.

"ఇంతసేపా? నువ్వు నింపేలోగా అవతలివాడు వచ్చి నీ తల నరుకుతాడు కదా" అన్నాడు ఇనస్పెట్టరు.

"ఔను తువాన్. అందుకే ఓడిపోనాం."

ఇనస్పెట్టరు మొకంలో మొదటిసారి నవ్వొచ్చినాది. ఫిరంగి పేల్చమన్నాడు. అచ్చయ్య సెయ్యెత్తినాడు. ఒత్తి ఇంకా ముట్టించనే నేదు, ఎనకాల వేలు డబ్బా మీద ఒక్కటేసినాడు. మల్లీ పేల్చమన్నాడు. ఈసారి ఒత్తి మొత్తం కాలిపోయి, అచ్చయ్య దగ్గినాక పేలినాది. ఇనస్పెట్టరు లేసి ఫిరంగి ఎనక్కి ఎల్లి తొంగి సూసినాడు. వేలు డబ్బా వొల్లో పెట్టుకుని, కూకునే సెల్యూటు కొట్టినాడు.

అంతటితో పోనాడా? పోనేదు. మల్లా వొచ్చి కూకుని మా ఆయన్ని అడగడం మొదలెట్టినాడు. ఆనాటి సిపాయి ఎలా బతికేవోడు, ఎక్కడ పడుకునేవోడు అని. ఇది అచ్చయ్య నేర్పనేదు. అచ్చయ్య మొకం తెల్లబోనాది. మా ఆయనే సెప్పడం మొదలెట్టినాడు.

"మట్టిలోనే పడుకునేవోడు తువాన్, ఇసక బస్తాల ఎనకాల. దోమలు పీకేసేవి. వాన పడితే తుపాకీకి గుడ్డ కప్పి తను తడిసేవోడు."

"భార్యా పిల్లలు?"

"కంచె లోపల. పొద్దుగూకితే గేటు మూసేసేవోరు. బియ్యం కొలిసి ఇచ్చేవోరు, వొండిన అన్నమైనా బయటికి తీసుకుపోనిచ్చేవోరు కాదు, శత్రువుకి అందుతాదని. పెల్లాం పొద్దున్నే పనికి పోతే, గేటు కాడ మూట ఇప్పి ఎతికేది సిపాయే. సొంత పెల్లాం మూటైనా సరే ఎతకాల. ఎతుకుతుంటే ఆవిడ మొకం సూడనేకపోయేవోడు."

నేను గరిటె తిప్పడం ఆపేసినాను. ఆ కంచె ఎమర్జెన్సీలో మా లయం సుట్టూ ఏసిందే, ఆ మూట నాదే. ఎన్ని పొద్దుల్లు ఎతికినాడో. ఒక్క దినం కూడా నాతో ఈ మాట అన్నేదు. నేను మాత్రం దినం ఇడిసి దినం తిట్టేదాన్ని, గేటు కాడ.

ఇనస్పెట్టరు నెమ్మదిగా అడిగినాడు. "ఇది రెండు వందల ఏళ్ళ క్రితం సంగతేనా?"

"ఔను తువాన్" అన్నాడు మా ఆయన. "మొన్నమొన్నటి దాకా."

అప్పటికి సెమటకి ఆయన మీసం ఒక పక్క ఊడి, రబ్బరు సాగి, గాలికి ఊగతన్నాది. ఇంకో పక్క మాత్రం సిమెంటేసినట్టు ఉన్నాది. ఇనస్పెట్టరు దాన్ని కాసేపు సూసి, లేసి, టోపీ పెట్టుకున్నాడు.

"చాలా సంతోషం. ఇక మీ అసలు తుపాకులు చూపించండి."

అచ్చయ్య నోరు తెరిసినాడు గాని, ఏ బాసా రానేదు. ఆరుగురూ ఒక్కసారే గుడి వొంక సూసినారు. ఇనస్పెట్టరు కూడా ఇటు సూసినాడు. ఇంక నాకే తప్పదని నేను కూకున్న సోటు నుంచే సెప్పినాను, నాకొచ్చిన మలాయిలో. "తువాన్, తుపాకులు అమ్మ దగ్గిరున్నాయి. రేపు ఇస్తాది."

ఆయన మెట్ల కాడికి వొచ్చినాడు. ఎవులూ సెప్పకుండానే బూట్లు ఇప్పినాడు, ఆ మాట సెప్పాల. గడప కాడ ఒంగి లోపలికి సూసినాడు. దీపం ఎలుగులో ఆరు తుపాకులు, కొసల మీద మందారాలు. పక్కన గీత కత్తులు, అచ్చయ్య టైపుమిసను.

"ఈ తలుపుకు తాళం ఉందా?"

"నేదు. నేనున్నాను."

"నీ చేతిలో అదేమిటి?"

"గరిటె, తువాన్. కత్తులన్నీ లోపలున్నాయి."

తుపాకీల నంబర్లు సూడాల, తప్పుకో అన్నాడు. ఒక కాలు ముందుకేసినాడు. నేను గరిటె అడ్డం పెట్టినాను. పాయసం సుక్క ఒకటి ఆయన కాకీ పేంటు మీద పడ్డాది. అచ్చయ్య కల్లు మూసుకున్నాడు.

ఇనస్పెట్టరు మా ఆయన వొంక తిరిగినాడు. "నీ భార్యను తప్పుకోమను."

"తువాన్" అన్నాడు ఈయన, "పెల్లైన కాడ్నుంచి సెప్తానే ఉన్నాను."

ఎవులూ నవ్వనేదు. ఇనస్పెట్టరు మొకం గట్టిపడినాది. కుర్రోడైనా అదికారే గదా. ఆయన గొంతు పెంచినాడు. "ఇది హుకుం. మీ ఆరుగురిలో ఒక్కడిని తీసుకోవాలని వచ్చాను. నువ్వే అని ఇందాక అనుకున్నాను కూడా. లోపలికి వెళ్ళి నీ తుపాకీ తీసుకురా. తేకపోతే ఉద్యోగం లేదు, పైగా నీ మీద కేసు."

నేను గరిటె గిన్నెలో పెట్టేసినాను. కొలాయి పోనాదని కాదు, నిజం సెప్తన్నాను, కొలాయి ఆ నిమిసానికి గ్నాపకం కూడా నేదు. నా మొగుడు జైలు కంచె ఎనకాల కూకున్నట్టు కనపడినాడు. ఇన్నేల్లు మమ్మల్ని కంచెలో పెట్టి కాసిన మనిసి. నా వొల్ల, నా మొండితనం వొల్ల అని ఊరంతా అంటాది. అననీ. నేను పెల్లై వొచ్చిన కాడ్నుంచి ఏ గడప మీంచీ ఎవులికోసం నెగినదాన్ని కాదు. నెగినాను. నెగి పక్కకి తప్పుకున్నాను.

"మావా, తీసుకో" అన్నాను. "అమ్మకి నేను సెప్పుకుంటాను. కోపమొస్తే నా మీదే రానీ."

ఆయన కదల్నేదు. నన్ను సూసినాడు, కాలీగా ఉన్న గడప సూసినాడు. గట్టిగా మాట్లాడిన ఇనస్పెట్టరు ఒక పక్కన, బతిమాలతన్న నేను ఒక పక్కన.

"కూకో" అన్నాడు నాతో. పెద్ద గొంతు కాదు. మా ఆయనకి పెద్ద గొంతు నేదు.

నేను కూకున్నాను. మల్లా అడ్డంగానే.

"తువాన్, రేపు పొద్దున్న హారతయినాక నేనే తెచ్చి మీ సేతిలో పెడతాను. ఇవాల తియ్యను. కేసు పెట్టుకోండి" అన్నాడు. మీసం గాలికి అటూ ఇటూ ఊగతానే ఉన్నాది.

ఇనస్పెట్టరు మెట్టు మీద కూకుని బూట్లు తొడుక్కున్నాడు. లేసులు ఒక్కో కన్నంలోంచీ తీరిగ్గా లాక్కున్నాడు. పేంటు మీద పాయసం సుక్క సేత్తో తుడిసి, ఏలు వొంక ఒకసారి సూసి, రుమాలుకి రాసుకున్నాడు. నెగి అచ్చయ్యని అడిగినాడు.

"రేపు ఎన్నింటికి?"

ఆ సాయంత్రం కోట ముట్టడి ఆడినారు. ఆడకేం. కాని దర్వాజా కాడ మా ఆయన దెబ్బ తగిలి పడిపోవాల. ఎంతకీ పడడే. వేలు పొడిసినాడు, మల్లా పొడిసినాడు, ఆకరికి సెవిలో "పడిపో అన్నా, అన్నం టయిమయినాది" అని బతిమాలినాడు. అచ్చయ్య పక్క నుంచి చరిత్ర చరిత్ర అని అరస్తన్నాడు. ఆ దినం బొబ్బిలి కోట పడడానికి సీకటి పడిపోనాది. జనం ఒకటే ఈలలు.

మర్నాడు పొద్దున్న ఏడు కొట్టకుండానే జీపు వొచ్చినాది. హారతి అయినంతసేపూ ఇనస్పెట్టరు దూరంగా నిలబడ్డాడు. గుమ్మడికాయ కొట్టినాక మా ఆయన లోపలికి ఎల్లి, ఒక్కో తుపాకీ రెండు సేతులా తెచ్చి ఆయన సేతికి ఇచ్చినాడు. ఆయన గొట్టంలోకి సూసినాడు, బోల్టు లాగినాడు, తెల్ల రుమాలు పెట్టి తుడిసినాడు. రుమాలుకి పసుపు తప్ప ఇంకేటీ అంటనేదు. నంబర్లు సూసుకున్నాడు, ఎల్లిపోనాడు. మాతో ఒక్క మాట ఆడనేదు.

ఇంక ఆశ ఒదిలేసినాం. నేను ఈయన గీత కత్తికి పదును కూడా పెట్టించినాను. దీపావలి ముందర అచ్చయ్య మల్లీ పరిగెట్టుకుంటా వొచ్చినాడు. ఆయన రెండోసారి పరిగెట్టడం అదే.

"పైడిరాజుకు ఉద్యోగం వచ్చింది. కువాలా సెలాంగోర్ స్టేషన్లో ఆయుధాల గది కాపలా. ఫోన్‌లో నేను ఉండబట్టలేక అడిగేశాను, అయ్యా, మీ హుకుం విననివాడు కదా అని. ఏమన్నాడో తెలుసా? హుకుం వినేవాళ్ళు స్టేషన్ నిండా ఉన్నారు, నేను అడిగినా తలుపు తీయనివాడు ఆ గదికి కావాలి అన్నాడు."

లారీలో సామాను ఎక్కించుకుని బయల్దేరిన దినం, ఎనకాల బిందెల మద్దిలో ఇద్దరం కూకున్నాం. తోట గేటు దాటినాక నాకు ఆగనేదు. అడిగేసినాను.

"ఏటి మావా, అంతమంది ముందర ఇనస్పెట్టరికి ఎదురు సెప్పినావు. అమ్మంటే నీకు అంత బయమా?"

"అమ్మంటే కాదే" అన్నాడు. "నువ్వు గడప మీంచి నెగినావు సూడు, అప్పుడు బయమేసినాది. నీ మాట నువ్వు ఎనక్కి తీసుకోడం నేనెప్పుడూ సూడనేదు. నాకోసం తీసుకున్నావు. నా పెల్లాన్ని గడప మీంచి నెగదీసి సంపాయించిన ఇంట్లో నేను ఏ మొకం పెట్టుకుని ఉంటాను?"

నాకు ఏడుపొచ్చేసినాది. ఏడుస్తానే తిట్టినాను, లారీ ఊగతన్నాది, బిందెలు సరిగ్గా పట్టుకోమని.